బంగారుపాళ్యం మలుపు దగ్గర పెరిగే బీపీ

చిత్తూరులో ఒక బస్సు డిపో వెనక, టైర్ల షెడ్డుకూ క్యాంటీనుకూ మధ్యన రెండు గదుల డిస్పెన్సరీలో ఇరవై ఎనిమిదేళ్లు నర్సుగా పనిచేశాను. నా పేరు సలోమి. డిపోలో ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందరికీ సిస్టరమ్మనే.

ఈ మధ్య నర్సింగు చదివి ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు ఇద్దరు మా ఇంటికొచ్చారు. కాఫీ తాగుతూ ఒకమ్మాయి, "డిపోలో పనేముంటుంది మేడం, బీపీ చూడ్డమేగా" అంది. నాకు ఒళ్లు మండింది. కాఫీ ఇచ్చిన చేత్తో ఏమీ అనలేక ఊరుకున్నాను. వాళ్లు వెళ్లాక ఆలోచిస్తే ఆ అమ్మాయి అన్నది నిజమే. నేను చేసింది బీపీ చూడటమే. అయితే అది సరిగ్గా చూడటం నేర్చుకోవడానికి నాకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ ఇరవై ఏళ్లూ చేసిన తప్పు, దాన్ని నాకు చూపించిన ఒక డ్రైవరు సంగతి రాస్తాను. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేరు మాత్రం మార్చాను. బదిలీలు, ఇంక్రిమెంట్లు, సన్మానాల గురించి ఇందులో ఏమీ ఉండదు.

గట్టిగా చదివిన అంకెలు

డ్రైవర్లకు ఏడాదికోసారి వైద్య పరీక్ష ఉండేది. కళ్లు, చెవులు, షుగరు, బీపీ. అందులో తప్పితే స్టీరింగ్ మీద నుంచి దింపేసి షెడ్డులో ఏదో ఒక పనికి వేసేవాళ్లు. బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనబడొచ్చు. ఇరవై ఏళ్లు బస్సు నడిపిన మనిషిని పిలిచి, రేపటినుంచి నువ్వు బస్సులు కడిగేచోట నిలబడు అంటే ఆ మొహం ఎలా అయిపోతుందో నేను చూశాను. అది మర్చిపోయే మొహం కాదు.

పరీక్షరోజు పొద్దున్నే వరండాలో ముప్పై మంది వరుసలో ఉండేవాళ్లు. కొందరు అప్పుడే డ్యూటీ దిగి వచ్చినవాళ్లు, కొందరు ఇంకో గంటలో ఎక్కాల్సినవాళ్లు. కూర్చోవడానికి ఒకటే బెంచీ, దాని మీద మా ఫైళ్లు. ఒక్కొక్కరూ వచ్చి నిలబడే చెయ్యి చాపేవారు. నేను చొక్కా మీదనే పట్టీ చుట్టి, గాలి కొట్టి, వచ్చిన అంకెను గట్టిగా చదివేదాన్ని. ఆ మూల కూర్చుని రాసుకునే గుమాస్తాకు వినబడాలి కదా!

"నూట డెబ్బై, నూట నాలుగు!"

ఆ అంకె వినగానే వరుసంతా ఆ మనిషి వైపు తిరిగేది. కొందరు అయ్యో అనేవాళ్లు, కొందరు "అయిపాయప్పా నీ పని" అని నవ్వేవాళ్లు. ఆ వెనకనున్నవాడికి అప్పుడే చెమట పట్టేది. వాడి అంకె ముందువాడి అంకెను దాటేది. చిత్తూరు ఎండల మహిమ అనుకున్నాను చాలా ఏళ్లు. నా గొంతు మహిమ అని తట్టలేదు.

ఇది తెలియని విషయమేమీ కాదు, నర్సింగులో చదువుకున్నదే. కుక్క వెంటబడితే మన ఒళ్లు పరుగుకు సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, కడుపు తన పని పక్కన పెడుతుంది. కుక్క వెళ్లిపోతే అన్నీ సర్దుకుంటాయి. మనసులో ఉన్న కుక్క వెళ్లకపోతే? ఏళ్ల తరబడి అక్కడే ఉంటే? అప్పుడు నిద్ర దూరమవుతుంది, అరుగుదల తగ్గుతుంది, బీపీ ఎక్కి కూర్చుంటుంది. పరీక్షలో ఇదంతా రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నా టేబుల్ ముందు నిలబడిన మనిషికి మాత్రం ఏనాడూ దాన్ని అన్వయించలేదు.

కాణిపాకం డ్యూటీ వద్దన్న మనిషి

మునిరత్నం అప్పటికి నలభై ఆరేళ్ల మనిషి. సొంత ఊరు పలమనేరు. దిట్టమైన ఒళ్లు, మెలిదిప్పిన మీసం, అన్నేళ్ల సర్వీసులో ఒక్క ప్రమాదం లేదు. అలాంటివాడు ఉన్నట్టుండి మా డిస్పెన్సరీ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మొదట కడుపులో మంట, తర్వాత నిద్ర పట్టడం లేదన్నాడు, ఆ తర్వాత బీపీ.

"కడుపులో ఎవురో కూర్చోని పిండతా ఉన్నట్టు ఉండాది సిస్టరమ్మా" అనేవాడు.

మా డాక్టరు శేషాచలం గారు మంచి వైద్యుడు. ఓపిక మాత్రం ఆయనకు దేవుడివ్వలేదు. డిపోకి వారంలో మూడు రోజులు వచ్చి, రెండు గంటల్లో అరవై మందిని చూసి వెళ్లేవారు. మునిరత్నాన్ని తిరుపతికి పంపి గొట్టం వేయించి కడుపు చూపించారు. గుండెకు అన్ని పరీక్షలూ చేయించారు. అన్నీ బాగున్నాయి. బీపీ మాత్రం వచ్చిన ప్రతిసారీ ఎక్కువే. ఒక మాత్ర రెండైంది, రెండు మూడయ్యాయి.

"నీకేమీ లేదయ్యా" అన్నారు ఒకరోజు రిపోర్టులన్నీ తిప్పి చూసి.

మునిరత్నం బయటికొచ్చి నా దగ్గర నిలబడ్డాడు. "ఏమీ లేదంట సిస్టరమ్మా. మరి ఈ నొప్పి ఎవురిది?"

దానికి నేను చెప్పిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "లీవు కోసం యేషాలు వెయ్యొద్దు మునిరత్నం, పోయి డ్యూటీ చూసుకో పో" అన్నాను. వరండాలో నలుగురు నవ్వారు. తనూ నవ్వినట్టు మొహం పెట్టి వెళ్లిపోయాడు.

అదే రోజుల్లో డ్యూటీలు వేసే గుమాస్తా క్యాంటీన్లో ఒక వింత చెప్పాడు. కాణిపాకం బస్సు మా డిపోలో అందరూ కోరుకునే డ్యూటీ. దగ్గర దూరం, చదును రోడ్డు, భక్తులతో గొడవలు ఉండవు. అది తన వంతుకు వచ్చినా మునిరత్నం కాళ్లావేళ్లా పడి మార్పించుకుని, పలమనేరు బస్సు అడిగి తీసుకుంటున్నాడట. పలమనేరు పోవాలంటే మొగిలి ఘాటు ఎక్కాలి, దిగాలి. లారీల రద్దీ, మలుపులు. బీపీ ఉన్నవాడు ఎవడైనా ఘాటు అడిగి తీసుకుంటాడా? యేషాలే అనడానికి మాకు ఇంకో సాక్ష్యం దొరికిందనుకున్నాం. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించడమే పనైన నేనూ ఆలోచించలేదు.

అరువు మాత్ర

మళ్లీ వైద్య పరీక్ష వచ్చింది. మామిడి కాలం. ఇదివరకు మందు వాడుతున్నాడని గడువు ఇచ్చారు, ఈసారి అంకె దిగకపోతే స్టీరింగ్ నుంచి దింపమని రాయక తప్పదని డాక్టరు గారు మునిరత్నానికి ముందే చెప్పారు.

డ్రైవర్లలో ఒక అలవాటు ఉండేది. అది మాకు తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్లం. పరీక్షరోజు పొద్దున, బీపీ బాగా దిగిన స్నేహితుడు వాడే మాత్ర ఒకటి అడిగి వేసుకోవడం. చుట్టాన్ని బీడీ అడిగినంత తేలిగ్గా అడిగేవాళ్లు. మునిరత్నం తన మూడు మాత్రలూ వేసుకుని, వాటి మీద ఇంకొకరివి రెండు వేసుకుని, భయానికి టిఫిను కూడా తినకుండా వచ్చి వరుసలో నిలబడ్డాడు.

నేను ముందువాడి అంకె గట్టిగా చదివాను. వెనక దబ్బున శబ్దమైంది. తిరిగి చూస్తే మునిరత్నం నేల మీద ఉన్నాడు. నుదురు బెంచీ అంచుకు తగిలి చిట్లింది. చేతికి పట్టీ చుట్టి చూస్తే ఎనభై, యాభై. ఆ అంకె చదవడానికి నాకు గొంతు రాలేదు.

ఆస్పత్రిలో సెలైను పెట్టి ఒక రాత్రి ఉంచుకున్నారు. నుదుటి మీద మూడు కుట్లు. అదృష్టం ఏమిటంటే ఆ పడిపోయింది వరండాలో. ఒక గంట తర్వాత పడి ఉంటే ఘాటులో పడేవాడు, వెనక యాభై మందితో.

మర్నాడు డాక్టరు గారు నన్ను పిలిచారు. ఆయన మొహం కూడా వాడిపోయి ఉంది. "సలోమీ, మాత్రలన్నీ ప్రస్తుతానికి ఆపాను. ఒంటరిగా పంపొద్దు. నువ్వు తోడుగా వెళ్లి ఇంట్లో దించి రా. మిషను పట్టుకెళ్లి దారిలో బీపీ చూస్తూ ఉండు. పది రోజుల్లో నేను కాగితం మీద ఏదో ఒకటి రాయాలి" అన్నారు. ఆ ఏదో ఒకటి ఏమిటో మా ఇద్దరికీ, మునిరత్నానికీ తెలుసు.

కిటికీ పక్క సీటు

పలమనేరు బస్సులో మునిరత్నం కిటికీ పక్కన కూర్చున్నాడు, నేను పక్కన. తన బస్సులో తనే ప్రయాణికుడు కావడం అతనికి ఎలా ఉందో నేను అడగలేదు. బ్యాటరీతో నడిచే చిన్న మిషను నా ఒళ్లో ఉంది. కదిలే బస్సులో దాన్ని నమ్మకూడదు, ఆగినప్పుడే చూడాలి. చిత్తూరు స్టాండులో బస్సు కదలకముందు చూస్తే నూట ముప్పై రెండు, ఎనభై నాలుగు. మాత్ర లేకుండా! మా వరండాలో ఈ మనిషికి ఇంత మంచి అంకె మూడేళ్లలో ఎప్పుడూ రాలేదు.

బంగారుపాళ్యం ఇంకా రాకముందు ఒక గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. మామిడి కాలంలో అక్కడ తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరి ఉంటాయి. బస్సు ఆ మలుపు దగ్గర ఆగిపోయింది. నేను ట్రాక్టర్లను చూస్తున్నాను. పక్కన మోచెయ్యి వణకడం తెలిసి తిరిగి చూశాను.

మునిరత్నం కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మెడ మీద చెమట ధారలుగా ఉంది. ఒక చెయ్యి కడుపు మీద. పట్టీ ఇంకా అతని చేతికే ఉంది, నేను మిషను బటను నొక్కాను. నూట డెబ్బై ఎనిమిది, నూట ఎనిమిది. నాడి నూట పద్దెనిమిది.

బస్సు కదిలింది. ఊరు దాటింది. ఘాటులో కిందికి చూస్తే నాకు కళ్లు తిరిగాయి, అతను మాత్రం నెమ్మదిగా ఊపిరి పీలుస్తున్నాడు. ఘాటు పైన ఎవరో దిగడానికి బస్సు ఆగితే మళ్లీ చూశాను. నూట నలభై, ఎనభై ఎనిమిది.

బీపీ ఉన్నవాడు భయపడాల్సింది ఘాటుకే అనుకున్నాం అందరం. ఘాటు కానే కాదు.

పలమనేరులో అతని భార్య కాంతమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. నుదుటి కుట్లు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాఫీ పెట్టడానికి లోపలికి పోతూ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"అక్కా, ఈ మనిసికి మూడేండ్లుగా ఏమో అయ్యింది. నిద్రలో లేసి కూర్చుంటాడు. పోయిన చవితికి కాణిపాకం పోదామంటే మీరు పోండి అన్న్యాడు. ముందర రెండేండ్లూ అంతే. అంతకు ముందర, పెండ్లయినకాడి నుంచి మేము చవితికి ఆడికి పోని ఏడు లేదు. దేవుడి మీద కోపమా అంటే మాట్లాడడు."

కాణిపాకం అన్న మాట రెండోసారి నా చెవిన పడింది. నేను చర్చికి పోయే మనిషిని. అయినా ఈ జిల్లాలో పుట్టినదాన్ని, కాణిపాకం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇద్దరి మధ్య తగాదా వస్తే ఆ వినాయకుడి ముందు ప్రమాణం చేస్తావా అంటారు. తప్పు చేసినవాడు ఆ మెట్లెక్కడానికి జంకుతాడు.

వాకిట్లో అరుగు మీద కూర్చున్న మునిరత్నం పక్కన నేనూ కూర్చున్నాను.

"మునిరత్నం, ఘాటులో పట్టని చెమట ఆ ఫ్యాక్టరీ మలుపులో ఎందుకు పట్టె నీకు? కాణిపాకం ఎందుకు పోవు? నేను డిపో తరపున అడగడం లేదు. యేషాలన్నాను చూడు, ఆ తప్పు దిద్దుకోడానికి అడుగుతున్నా."

అతను నోరు విప్పేదాకా ఆగాను. ఇరవై ఏళ్ల సర్వీసులో నేను ఒక రోగి ముందు అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదలు.

అద్దంలో చూసిన గుంపు

"మూడేండ్ల కిందట, ఇదే కాలం. సాయంత్రం వాన. ఆ మలుపు కాడ రెండు పక్కలా ట్రాక్టర్లు. బస్సు కిక్కిరిసిపోయి ఉండాది" అన్నాడు. "ఎడమ పక్క పసుపుపచ్చగా ఏదో అగుపడె. బ్రేకు తొక్కేలోపల ముందర టైరు కింద పడిపాయ. మెత్తగా, బరువుగా. నాకు కాళ్లల్లో తెలిసింది సిస్టరమ్మా."

"ఏమది?"

"చీర. పసుపు చీర." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "అద్దంలో చూస్తే జనం పరిగెత్తుకోని వస్తా ఉండారు. గుంపుగా వంగి చూస్తా ఉండారు. దిగితే సంపేస్తారనుకున్న్యా. డ్రైవర్ని కొట్టి సంపిన కథలు ఎన్ని వినలేదు మనం? కాలు దానంతటదే ఎక్సిలేటరు తొక్కె. పలమనేరులో దిగి టైరు చూసినా. వానకు కడుక్కోనిపోయి ఏమీ లేదు."

వారం రోజులు అన్ని పేపర్లూ చదివాడట. ఎక్కడా వార్త లేదు. పోలీసులు రాలేదు. ఇంకొకరైతే అక్కడితో ఊపిరి పీల్చుకునేవారు. ఇతను మాత్రం, పేదోళ్ల ఆడమనిషైతే పేపర్లో ఎవరు వేస్తారు అనుకున్నాడు. ఎవరినైనా అడుగుదామంటే అడగడమే ఒప్పుకోవడం అవుతుంది. అందుకే ఆ రూటు అడిగి తీసుకుని, రోజూ ఆ మలుపులో కంటి కొసతో చూస్తూ పోయేవాడు, ఎక్కడైనా దండేసిన ఫోటో ఉందా, ఎవరైనా బస్సు నంబరు అడుగుతున్నారా అని. రోజుకు నాలుగుసార్లు, మూడేళ్లు.

"కాణిపాకం పోతే గుడి ముందర బస్సు నిలబెట్టాల. ఆడ నేనేమి చెప్పేది సిస్టరమ్మా? ఒక మనిసిని తొక్కి ఆపకుండా పోయినోడ్ని."

అప్పుడు నాకు భయం వేసింది. జాలి తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయమే. ఎందుకంటే అది నిజమే అయితే? ఆ పసుపు చీర వెనక ఒక ఇల్లు ఉంటే, పిల్లలుంటే? నేను లేచి నిలబడ్డాను.

"పద. ఇప్పుడే పోయి కనుక్కుందాం. మనిషే అయితే నువ్వు స్టేషనుకు పోవాల. నేనూ నీతో వస్తా. కాకపోతే ఇంటికి వచ్చి కడుపునిండా అన్నం తినాల. ఈ రెండిట్లో ఏదైనా ఇట్లా బతకడం కన్నా మేలే."

అతను అరుగు దిగడానికి అరగంట పట్టింది. కాంతమ్మ అన్నీ లోపలినుంచి వింది. అతని చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది.

గంగులమ్మ

మలుపులో దిగేటప్పటికి మధ్యాహ్నం మూడు. ఫ్యాక్టరీ గేటుకు కొంచెం ఇవతల, టార్పాలిను పట్ట కింద ఒక ముసలామె కాయలు కుప్పలు పోసుకుని కూర్చుని ఉంది. పేరు గంగులమ్మ అని తర్వాత తెలిసింది. నేను వెళ్లి ముందు కూర్చుని ఒక కాయ చేతిలోకి తీసుకున్నాను. మునిరత్నం నా వెనక నిలబడ్డాడు. ఊపిరి తీస్తున్న శబ్దం నాకు వినబడుతూనే ఉంది.

"ఏమవ్వా, ఈడ శానా ఏండ్లుగా కూర్చుంటా ఉండావా?"

"ఈ ఫ్యాక్టరీ కట్టకముందర నుంచి ఉండా. ఏం కావాల నీకు, నీలమా, బేనీషానా?"

"మూడేండ్ల కిందట, సాయంత్రం వాన కురిసిన దినం, ఈడ బస్సు కింద ఏమన్నా పడిందా అవ్వా?"

ఆమె చేతిలోని కాయ కింద పెట్టింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమన్నా పడిందానా? నా గంప పడింది! గంప నిండా ఇమాం పసందు కాయలు. ఒగొగటీ ఏరి పెట్టుకోనుంటి. వాన వస్తా ఉండాదని నా కోడలి పాత చీర కప్పి, రోడ్డు అంచున పెట్టి, నెత్తికి ఎత్తేవాళ్ల కోసం సూస్తా ఉంటి. ఆ పాపిష్టి బస్సోడు వొచ్చి తొక్కేసి పాయ. ఆపనన్నా ఆపలేదు!"

"చీర ఏ రంగవ్వా?" అన్నాను.

"పసుపు. నీకెందుకది?"

"మనుషులకు ఎవరికీ ఏం కాలేదా?"

"మడుసులకేమైతాది, రాళ్లట్ల ఉండారు. ఈ ట్రాక్టరోళ్లందరూ అయ్యో అయ్యో అని పరిగెత్తుకోని వొచ్చి, నలగని కాయలన్నీ ఏరుకోని తినేసినారు, ముదనష్టపోళ్లు! ఒగడన్నా ఒగ కాయ నాకు తిరిగి ఇచ్చినాడా?"

అద్దంలో అతను చూసిన గుంపు అదీ!

వెనక శబ్దమైతే మళ్లీ పడిపోయాడేమో అనుకున్నాను. మునిరత్నం రోడ్డు పక్క మట్టిలో కూలబడి, మోకాళ్ల మీద తలపెట్టి ఏడుస్తున్నాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవగా నేను చూడలేదు. గంగులమ్మ బెదిరిపోయింది.

"ఏమైంది ఈ అబ్బికి? ఏమైనా మూర్ఛ రోగమా?"

"అవ్వా, ఆ బస్సోడ్ని నేనే" అన్నాడు తలెత్తి.

ఆమె అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. నుదుటి కుట్లు, కారిపోతున్న కళ్లు.

"నువ్వేనా? మూడేండ్లుగా కాయలు కోసే కాలం వొస్తే నిన్ను తిట్టని దినం లేదు కదరా!"

"తిట్టవ్వా. ఇంకా తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు."

ఆమె తిట్టింది కూడా. నేనూ కళ్లు తుడుచుకుంటూ వింటూ కూర్చున్నాను. ఆ తిట్లు మునిరత్నం మొహం మీద వాన పడ్డట్టే పడ్డాయి. నేను ఊరికే నమ్మే రకం కాదు కాబట్టి గేటు దగ్గరి వాచ్‌మన్‌ను కూడా పోయి అడిగాను. అతను నవ్వి, "ఆ దినం రెండు కాయలు నేనూ తిన్న్యానమ్మా. శానా తీపి" అన్నాడు.

నష్టపోయిన గంపకు ఏమివ్వమంటావు అని మునిరత్నం అడిగితే గంగులమ్మ చెయ్యి విదిలించింది. "అది పోయిందిలే. ఆ దినం ఎత్తేవాళ్లు లేకనే కదా రోడ్డు మీద పెడితిని. ఇదో, ఇప్పుడు ఈ గంప ఎత్తి నా నెత్తిన పెట్టు. అది సాలు" అంది. అతను వంగి, రెండు చేతులా గంపను లేపి, ఆమె నెత్తి మీది చుట్టకుదురు మీద సరిగ్గా కుదిరేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత

ఇక్కడితో రోగం మాయమైపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఒంటికి మనసు చెప్పిన మాట వెంటనే అర్థం కాదు. ఆరు నెలల దాకా ఆ మలుపు వస్తే మునిరత్నం అరచేతులు చెమర్చేవి. తిరుపతిలో మనసు డాక్టరు దగ్గరికి నాలుగైదుసార్లు వెళ్లాడు. నిద్ర ముందు వచ్చింది, తర్వాత ఆకలి, ఆ తర్వాత కడుపు మంట తగ్గింది. బీపీకి మూడు మాత్రలు పోయి ఒకటి మిగిలింది. ఆ ఒకటి ఎందుకు మిగిలిందంటే వాళ్ల నాయనకూ బీపీ ఉండేది. అన్నింటినీ దిగులు మీద తోసెయ్యకూడదు.

ఈ ముక్క కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను రెండోవైపు కూడా జారి పడ్డాను. మునిరత్నం సంగతి తర్వాత నాకు అందరి కడుపులోనూ దిగులే కనబడింది. ఒక మెకానిక్ కడుపునొప్పి అని వస్తే, తలుపు వేసి, ఇంట్లో ఏం బాధ, ఎవరితో గొడవ అని రెండు రోజులు అడిగాను. మూడోరోజు స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్లు కనబడ్డాయి. "నా బాధ ఇదే సిస్టరమ్మా" అన్నాడు వాడు. ముందు ఒళ్లు పూర్తిగా చూడండి. అప్పుడు మనసు అడగండి. పరీక్షల్లో ఏమీ కనబడలేదంటే నొప్పి లేదని కాదు, మనం ఇంకా అడగాల్సింది మిగిలి ఉందని.

ఇంకోటి. అందరి గంపల్లోనూ మామిడికాయలే ఉండవు. కొందరి భయం నిజమే అవుతుంది. అలాంటివాళ్లనూ చూశాను. వాళ్లకు నేను చేయగలిగింది ఏమీ లేదు, విని కూర్చోవడం తప్ప. దానికి కూడా ఎంతోకొంత నిద్ర పట్టింది వాళ్లకు.

డాక్టరు శేషాచలం గారికి అంతా చెప్పాను. కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, "మూడేళ్లు మాత్రలు మార్చాను సలోమీ, ఒక్క ప్రశ్న మార్చలేదు" అన్నారు. పై అధికారి తన తప్పును కింది మనిషి ముందు ఒప్పుకోవడం నా సర్వీసులో ఆ ఒక్కసారే చూశాను. అప్పటినుంచి ఆయన మీద నాకున్న చిన్న చిన్న కోపాలన్నీ పోయాయి. స్టీరింగ్ నుంచి దింపే కాగితం ఆయన రాయలేదు, నయమయ్యేదాకా సెలవు రాశారు.

నేను చేసింది చాలా చిన్న పని. బెంచీ మీది ఫైళ్లు తీసేశాను. పరీక్షకు వచ్చినవాళ్లు అయిదు నిమిషాలు వీపు ఆనించి, మాట్లాడకుండా కూర్చోవాలన్నాను. ఇంటినుంచి పాత దుప్పటి ఒకటి తెచ్చి తెర కట్టాను. చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ చుట్టాను. గుమాస్తా వద్దకు నేనే వెళ్లి అంకె కాగితం మీద రాసి ఇచ్చాను. మనిషికి మాత్రం చెవి దగ్గర నెమ్మదిగా చెప్పాను. అరువు మాత్రలు వేసుకుంటే ఏమవుతుందో మునిరత్నమే తన నుదుటి మచ్చ చూపించి అందరికీ చెప్పేవాడు. మరుసటి ఏడాది వరుసలో స్టీరింగ్ పోగొట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు.

ఆ ఏటి పరీక్షకు మునిరత్నం వచ్చాడు. అప్పటికే మళ్లీ బస్సు ఎక్కాడు, కాణిపాకం డ్యూటీ అడిగి తీసుకున్నాడు కూడా. నుదుటి మీద విభూతి ఉంది. అయిదు నిమిషాలు కూర్చున్నాడు. నేను పట్టీ చుట్టి, గాలి వదిలి, పాదరసం ఎక్కడ ఆగుతుందా అని చూశాను. నూట ముప్పై రెండు, ఎనభై రెండు.

వంగి చెవిలో చెప్పాను.

అతను నావైపు తిరిగి, తెర అవతల వరుసలో నిలబడ్డవాళ్ల వైపు చెయ్యి చూపించాడు. మీసాల కింద నవ్వు ఆగడం లేదు.

"గట్టిగా చెప్పు సిస్టరమ్మా" అన్నాడు. "అందురూ వినాల."

నేను తెర పక్కకు తీసి, పాత గొంతుతో, డిపో అంతా వినబడేలా చదివాను.